హైదరాబాద్‌లో వృద్ధులకు, దివ్యాంగులకు బస్ పాస్: ఆధార్ దగ్గర్నుంచి కౌంటర్ దాకా

రాయితీ బస్ పాస్ అనగానే చాలామంది ముందు కౌంటర్‌కు పరిగెత్తుతారు. క్యూలో గంటసేపు నిలబడ్డాక, "ఈ సర్టిఫికెట్ పనికిరాదు", "ఆధార్‌లో అడ్రస్ వేరే ఉంది", "మీకు ఈ పాస్ వర్తించదు" అనే మూడు మాటల్లో ఏదో ఒకటి విని వెనక్కి వస్తారు. నిజానికి పాస్ చేయించుకోవడం చిన్న పని. దాని వెనక ఉన్న కాగితాలదే పెద్ద పని. అందుకే ఈ మార్గదర్శిలో కౌంటర్ సంగతి చివర్లో వస్తుంది. ఎక్కువ భాగం అక్కడికి వెళ్లేలోపు చేయాల్సిన పనుల గురించే.

మొదట తేల్చుకోవాల్సింది: మీకు ఏది వర్తిస్తుంది?

"వృద్ధుల పాస్ కావాలి" అని అడిగితే సరైన జవాబు దొరకదు. హైదరాబాద్ సిటీ బస్సుల్లో ఉచితమైనా రాయితీ అయినా వయసును బట్టి వచ్చేది తక్కువ. ఆడవారా మగవారా, వైకల్యం ఉందా లేదా అన్నదాన్ని బట్టి వచ్చేదే ఎక్కువ.

ఆడవారైతే మహాలక్ష్మి పథకం ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో నివాసం ఉండే మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సిటీలో అయితే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు. ఇందులో వయసు ప్రసక్తే లేదు. కాబట్టి డెబ్బై ఏళ్ల అమ్మగారిని పాస్ కోసం కౌంటర్ చుట్టూ తిప్పాల్సిన పని లేదు. తెలంగాణ చిరునామా ఉన్న ఒరిజినల్ గుర్తింపు కార్డు చేతిలో ఉంటే చాలు. కండక్టర్ ఇచ్చే జీరో టికెట్ మాత్రం తప్పకుండా తీసుకోవాలి. "ఉచితమే కదా, టికెట్ ఎందుకు" అని ఊరుకుంటే చెకింగ్ వచ్చినప్పుడు మాట పడాల్సి వస్తుంది. మెట్రో డీలక్స్‌కు, ఏసీ బస్సులకు ఈ పథకం వర్తించదు. బస్సు ముందున్న బోర్డు చూసి ఎక్కాలి.

వైకల్యం ఉన్నవారికి ఆర్టీసీ ప్రత్యేకంగా పాస్ ఇస్తుంది. సిటీ ఆర్డినరీ బస్సులకు ఉచిత పాస్, జిల్లా బస్సుల్లో టికెట్ మీద 50 శాతం రాయితీ. మగవారికి అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. వైకల్యం ఉన్న ఆడవారు సిటీలో తిరగడానికి మహాలక్ష్మితోనే సరిపెట్టుకోవచ్చు. కానీ కింద చెప్పబోయే సర్టిఫికెట్ మాత్రం వాళ్లూ తీసుకోవాలి. రైలు రాయితీకి, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే చేయూత పింఛనుకు అది లేకపోతే కుదరదు.

ఇక మిగిలింది అరవై దాటి, ఏ వైకల్యమూ లేని మగవారు. వీరికి ఉచిత పాస్ లేదు. ఇది చాలామంది పెద్దవాళ్లకు మింగుడుపడని సంగతి. ఇంట్లో ఆవిడ ఉచితంగా వెళ్తుంటే పక్కన ఈయన టికెట్ కొనాల్సి వస్తుంది. న్యాయమా కాదా అన్న చర్చ అరుగు మీద చేసుకుందాం. చేతిలో ఉన్న దారులు చూద్దాం.

మొదటిది టీ-24 టికెట్. కొన్న సమయం నుంచి 24 గంటలపాటు సిటీ బస్సుల్లో ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు. 2023 ఏప్రిల్‌లో దీని ధరను మిగతావారికి 90 రూపాయలు చేసి, అరవై దాటినవారికి 80 పెట్టారు. తర్వాత ఛార్జీలు మారాయి కాబట్టి ఆరోజు ధర ఎంతో కండక్టర్‌నే అడగాలి. వయసు చూపించే కార్డు జేబులో ఉండాలి. ఒకేరోజు నిమ్స్ ఆసుపత్రిలో చూపించుకుని, కోఠిలో మందులు కొని, బంధువుల ఇంటికి వెళ్లి రావాలంటే ఇది బాగా కలిసొస్తుంది. ఒక్కసారి వెళ్లి వచ్చేవారికి మామూలు టికెట్టే చవక.

రెండోది అందరూ తీసుకునే నెలవారీ పాస్. 2025 జూన్‌లో పెంచాక ఆర్డినరీ 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,600, మెట్రో డీలక్స్ 1,800 రూపాయలు అయ్యింది. తీసుకునే ముందు లెక్క వేసుకోండి. రోజుకు రానూపోనూ 60 రూపాయలు అయ్యే దారిలో వెళ్లేవారికి, ఆర్డినరీ పాస్ గిట్టాలంటే నెలలో కనీసం 24 రోజులు బస్సెక్కాలి. వారానికి రెండుసార్లు గుడికో, బ్యాంకుకో వెళ్లే పెద్దాయనకు ఇది నష్టం. "పాస్ ఉంటే ధైర్యం" అని తీసుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ ధైర్యానికి నెలకు ఎంత కడుతున్నామో తెలిసి కడితే మంచిది.

మూడోది చాలామందికి తెలియదు. ఏపీఎస్ ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటినవారికి టికెట్ మీద 25 శాతం రాయితీ ఉంది. ఏ రాష్ట్రంవారన్నది చూడరు, వయసు రుజువు ఉంటే చాలు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి విజయవాడకో, గుంటూరుకో వెళ్లే హైదరాబాద్ పెద్దలు ఆంధ్రా బస్సు ఎక్కేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు సీనియర్ సిటిజన్ అని ఎంచుకోకపోతే పూర్తి ఛార్జీ పడుతుంది. సాధారణంగా పిల్లలే టికెట్ బుక్ చేస్తారు కాబట్టి వాళ్లకు చెప్పి ఉంచండి. మరోవైపు, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఆ రాష్ట్ర మహిళలకే. తెలంగాణ ఆధార్‌తో అక్కడ ఉచితం అడిగితే ఇవ్వరు. అలాగే ఆంధ్రా ఆధార్‌తో ఇక్కడ మహాలక్ష్మి రాదు.

ఆ చివరి మాట దగ్గరే అసలు పని మొదలవుతుంది.

ఆధార్‌ను ముందు సరిచేయించుకోండి

ఇరవై ఏళ్లుగా కూకట్‌పల్లిలోనో, వనస్థలిపురంలోనో కొడుకు దగ్గర ఉంటున్నా, ఆధార్‌లో మాత్రం ఊరి అడ్రస్సే ఉండే పెద్దవాళ్లు ఈ నగరంలో కోకొల్లలు. ఆ ఊరు తెలంగాణలోనే ఉంటే పెద్ద చిక్కేమీ లేదు. ఆంధ్రాలో ఉంటే అన్నిటికీ అడ్డమే. ఊరి ఆధార్ అక్కడి రేషన్ కార్డుతో, ఓటుతో, పొలం కాగితాలతో ముడిపడి ఉంటుంది కాబట్టి మార్చడానికి చాలామంది ఒప్పుకోరు. ఇక్కడి బస్సు ముఖ్యమా, అక్కడి రేషన్ ముఖ్యమా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు.

మార్చాలనుకుంటే ఆధార్ సేవా కేంద్రానికి వెళ్లాలి. అడ్రస్ ఒక్కటే అయితే ఆన్‌లైన్‌లోనూ చేసుకోవచ్చు. 2025 అక్టోబర్ నుంచి పేరు, చిరునామా లాంటి వివరాల మార్పుకు 75 రూపాయలు, వేలిముద్రలు, ఫోటో అప్‌డేట్‌కు 125 రూపాయలు తీసుకుంటున్నారు. పెద్దవాళ్ల విషయంలో నేను ఒక మాట గట్టిగా చెబుతాను. వెళ్లడం ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి వేలిముద్రలు, ఫోటో కూడా మళ్లీ తీయించండి. వయసుతోపాటు వేలిముద్రలు అరిగిపోతాయి. పదేళ్ల క్రితం ఫోటోలో జుట్టు నల్లగా ఉంటుంది. పింఛను దగ్గర, బ్యాంకు దగ్గర, ఆసుపత్రిలో ప్రతిచోటా ఇదే తలనొప్పి.

ఇంకో రెండు చూడండి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ ఎవరిది? చాలా ఇళ్లలో అది అమెరికాలో ఉన్న అబ్బాయిదో, ఎప్పుడో మూలన పడేసిన సిమ్‌దో అయి ఉంటుంది. దరఖాస్తులో ఓటీపీ దానికే వస్తుంది. ఇక పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆసుపత్రి కాగితాల్లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఒకచోట "వెంకటేశ్వర్లు", ఇంకోచోట "వెంకటేశ్వర రావు". మనకు ఒకే మనిషి, కంప్యూటర్‌కు ఇద్దరు. ఏ పేరు ఉండాలో ఒకటి ఖాయం చేసుకుని, ఆధార్‌లో అలాగే చేయించి, ఇకముందు కాగితాలన్నీ ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

వైకల్య సర్టిఫికెట్: ఇక్కడే ఓపిక కావాలి

ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచి మనకు అలవాటైన పేరు సదరం. సదరం క్యాంపుకు స్లాట్ బుక్ చేసుకోవడం, డాక్టర్లు చూడటం, శాతం వేసి సర్టిఫికెట్ ఇవ్వడం. 2025 నుంచి తెలంగాణలో ఈ పని కేంద్రం నడిపే యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డు) పోర్టల్‌కు మారింది. జనం నోట ఇప్పటికీ సదరమే, చేతికొచ్చేది మాత్రం యూడీఐడీ కార్డు. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవారు దాన్ని పారేయకండి. కొత్త దరఖాస్తులో "ఇప్పటికే సర్టిఫికెట్ ఉందా" అని అడిగిన చోట ఉందని చెప్పి, స్కాన్ చేసి పెట్టాల్సింది దాన్నే.

దరఖాస్తు రెండు రకాలుగా చేయొచ్చు. ఇంట్లో ఫోన్, కంప్యూటర్ తెలిసిన పిల్లలుంటే స్వావలంబన్ కార్డ్ అనే ఆ యూడీఐడీ పోర్టల్‌లోనే నేరుగా చేయొచ్చు. లేదంటే మీసేవకు వెళ్లొచ్చు. కార్డుకు ప్రభుత్వం రుసుము తీసుకోదు. మీసేవలో ఇచ్చేది వాళ్ల సర్వీసు ఛార్జీ మాత్రమే, దానికీ రసీదు అడగండి. దగ్గర ఉంచుకోవాల్సినవి: ఆధార్, ఆరు నెలల్లోపు దిగిన ఫోటో, ఉంటే పాత సర్టిఫికెట్, ఓటీపీ వచ్చే ఫోన్. ఫారంలో వైకల్యం ఏ రకమో, ఎప్పటి నుంచి ఉందో, ఏ ఆసుపత్రిలో చూపించుకుంటారో అడుగుతుంది. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గరగా ఉందా అని ఒక్కటే చూడకండి. మీ సమస్యను చూసే డాక్టర్ అక్కడ ఉన్నారా అన్నది ఇంకా ముఖ్యం. కంటి సమస్యకు మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి, చెవికి కోఠి ఈఎన్‌టీ, మానసిక సమస్యకు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి. నగరంలో ఉన్నవారికి ఈ సౌకర్యం ఉంది, జిల్లాలవారికి ఇంత లేదు. ఎంచుకునే ముందు ఫారం చూపించే జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకోండి.

అంతా పూర్తిచేశాక ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబర్ వస్తుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోవడమే కాదు, క్యాలెండర్ వెనక కూడా పెన్నుతో రాసిపెట్టుకోండి. దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూడాలన్నా, కార్డు డౌన్‌లోడ్ చేయాలన్నా ఆ నంబరే ఆధారం.

ఎంత కాలం పడుతుంది? 2024 అక్టోబర్‌లో మార్చిన నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన మూడు నెలల్లోగా సర్టిఫికెట్ ఇవ్వాలి. అంతకుముందు ఇది నెల. ఇంకో నిబంధన కూడా అప్పుడే వచ్చింది. రెండేళ్లపాటు దరఖాస్తు తేలకుండా ఉండిపోతే అది రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. డేట్ వచ్చినప్పుడు వెళ్లకుండా "తర్వాత చూద్దాం" అని వదిలేసినవారికి చివరికి దెబ్బ పడేది ఇక్కడే.

పరీక్ష రోజు

పెద్దవాళ్లను ఒంటరిగా పంపకండి. సర్కారీ ఆసుపత్రిలో ఓపీ ఒక బిల్డింగ్‌లో, ఎక్స్‌రే ఇంకో బిల్డింగ్‌లో ఉంటుంది. పక్షవాతం వచ్చినవారిని చక్రాల కుర్చీలో తిప్పడానికి ఒకరు, ఫైలు పట్టుకుని క్యూలో నిలబడడానికి మరొకరు ఉంటే టెన్షన్ ఉండదు. షుగర్ ఉన్నవారికి టిఫిన్, మాత్రలు సంచిలో పెట్టండి. మధ్యాహ్నం దాటిపోవడం మామూలే.

తీసుకెళ్లాల్సిన కాగితాల్లో అందరూ మర్చిపోయేది పాత డిశ్చార్జ్ సమ్మరీ. పక్షవాతం ఎప్పుడు వచ్చింది, ఏ ఆపరేషన్ జరిగింది, స్కానింగ్‌లో ఏముంది అన్నది అందులోనే ఉంటుంది. దాంతోపాటు మందుల చీటీలు, ఎక్స్‌రేలు, చెవి పరీక్ష చేయించి ఉంటే ఆ ఆడియోగ్రామ్. వాడే కళ్లజోడు, చెవి మిషన్, చేతికర్ర అన్నీ వెంట ఉండాలి. మోకాళ్లు, కాళ్లు చూస్తారు కాబట్టి వదులు బట్టలు వేయండి.

డాక్టర్ ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఎక్కువ చేసి చూపించేవారిని డాక్టర్లు ఇట్టే పట్టేస్తారు. కానీ మన పెద్దవాళ్లలో ఎక్కువమందిది దీనికి తలకిందుల సమస్య. "బాగానే ఉన్నానమ్మా, కొంచెం నడవలేనంతే" అంటారు. ఇంట్లో గోడ పట్టుకోకుండా బాత్రూం దాకా వెళ్లలేని మనిషి, డాక్టర్ ముందు మాత్రం పౌరుషంగా నాలుగడుగులు వేసి చూపిస్తారు. వెంట వెళ్లినవారు మెల్లగా అసలు సంగతి చెప్పాలి.

శాతం గురించి ముందే తెలుసుకోవాల్సినవి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. చాలా రాయితీలకు గీత 40 శాతం దగ్గర ఉంటుంది. ఆ గీతకు కింద ఉన్నవారికీ సర్టిఫికెట్ వస్తుంది, కానీ దానితో చాలాచోట్ల పని కాదు. ఈ తేడా కార్డు రంగులోనే కనిపిస్తుంది: 40 కన్నా తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన అయితే నీలం.

పెద్దవాళ్లు ఎక్కువగా ఆశపడి నిరాశపడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండోది బాగా ఉంటే నిబంధనల ప్రకారం అది 30 శాతమే. అంటే తెల్ల కార్డే. చూపును కొలిచేది అద్దాలు పెట్టుకున్నాక కనిపించేదాన్ని బట్టి, పైగా రెండు కళ్లలో మెరుగైన కంటిని బట్టి. శుక్లాలుంటే ఆపరేషన్ చేయించుకుని రమ్మని పంపిస్తారు. అది నయమయ్యే జబ్బు కాబట్టి అందులో తప్పేమీ లేదు. వినికిడి విషయంలో రెండు చెవులూ చూస్తారు. రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్ నష్టం ఉంటే వినికిడి లోపం, 70 ఉంటే చెవుడు. ఒక చెవి మాత్రమే పోయినవారికి కష్టం. వయసు వల్ల వచ్చే మామూలు మోకాళ్ల నొప్పి ఎంత బాధపెట్టినా, కీలు ఎంతవరకు కదులుతుందో, కండరంలో బలం ఎంత ఉందో కొలిచినప్పుడు శాతం తక్కువగానే రావచ్చు.

ఇంకో పక్క, అర్హత ఉండీ అడగనివారు ఉన్నారు. పక్షవాతం వచ్చి ఒక చెయ్యీ కాలూ పట్టు తప్పిన పెద్దాయన, షుగర్‌తో పాదం తీసేసిన మనిషి, చిన్నప్పటి పోలియోతోనే అరవై దాటిన వ్యక్తి. "మాది వృద్ధాప్యం, వికలాంగులం కాదు" అనుకుని వీళ్లు దరఖాస్తు పెట్టరు. చట్టం వయసుతో పోల్చి చూడదు. వైకల్యం ఎప్పుడు వచ్చినా వైకల్యమే. అరవై దాటిన మగవారికి బస్సులో రాయితీ దొరికే పెద్ద దారి ఇదే కాబట్టి, ఇంట్లో అలాంటివారుంటే ముందు ఈ కాగితం సంగతి చూడండి.

సర్టిఫికెట్ తాత్కాలికమా, శాశ్వతమా అన్నది కూడా చదవండి. తగ్గే అవకాశం ఉందనుకుంటే డాక్టర్లు గడువు పెట్టి ఇస్తారు. ఆ గడువు తీరితే బస్ పాస్ కూడా ఆగుతుంది. శాతం తప్పు పడిందనిపిస్తే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. ఇది చాలా తక్కువమంది వాడుకునే హక్కు. కౌంటర్ దగ్గరో, వార్డులోనో గొడవపడటం కన్నా రాతపూర్వకంగా అప్పీలు పెట్టడమే మేలు.

ఇక ఆసుపత్రి గేటు దగ్గర "నలభై వేయిస్తా" అని చెవిలో చెప్పే మనుషులు. అబద్ధపు సమాచారంతో దివ్యాంగుల ప్రయోజనం పొందితే 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. పట్టుబడితే ఆ దళారీ కనిపించడు, పేరు మీ తాతగారిదే ఉంటుంది.

కౌంటర్ దగ్గర

కాగితాలు సరిగ్గా ఉంటే ఇది ఒక పూట పని. సిటీలో రేతిఫైల్, అఫ్జల్‌గంజ్, కోఠి, దిల్‌సుఖ్‌నగర్, మెహిదీపట్నం, ఈసీఐఎల్ లాంటి చోట్ల పాస్ కౌంటర్లున్నాయి. ఏ కౌంటర్లో దివ్యాంగుల పాస్ ఇస్తున్నారో, ఏ వేళల్లో ఇస్తున్నారో ఆర్టీసీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి: 040-69440000, 040-23450033. నడవలేని మనిషిని రెండు చోట్లకు తిప్పడం కన్నా ఒక ఫోన్ కాల్ నయం.

ఫోన్‌లోనే ఇంకొకటి కూడా అడగాలి. చట్టంలో 21 రకాలున్నా, ఆర్టీసీ పాస్ ముందు నుంచీ నాలుగు వర్గాల చుట్టూ నడుస్తోంది: చూపు లేనివారు, చెవిటి-మూగ, శారీరక వైకల్యం ఉన్నవారు, బుద్ధిమాంద్యం ఉన్నవారు. మీ సర్టిఫికెట్‌లో వైకల్యం రకం దగ్గర రాసిన మాటను, శాతాన్ని ఉన్నదున్నట్టు చదివి వినిపించి, "దీనికి పాస్ వస్తుందా" అని అడగండి. పెద్దాయనకు వినికిడి ఒక్కటే తగ్గి, మాట బాగానే ఉంటే ఈ ప్రశ్న అడగకుండా అసలు బయల్దేరొద్దు.

స్కూళ్లు తెరిచే జూన్, జూలై నెలల్లో కౌంటర్లు విద్యార్థులతో కిటకిటలాడుతుంటాయి. నెల మొదటి వారంలో ఉద్యోగుల రద్దీ. వీలుంటే నెల మధ్యలో, మధ్యాహ్నం పూట కాకుండా కౌంటర్ తెరిచే వేళకు వెళ్లండి.

ఒక ప్లాస్టిక్ కవర్లో వరుసగా ఇవి పెట్టుకోండి: ఆధార్ ఒరిజినల్, జిరాక్స్, యూడీఐడీ కార్డు లేదా సర్టిఫికెట్ ఒరిజినల్, జిరాక్స్, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు రెండు మూడు, నీలం పెన్ను, కొంత చిల్లర. గుర్తింపు కార్డుకో, ప్రాసెసింగ్‌కో చిన్న మొత్తం కట్టమంటే రసీదు తీసుకోవాలి. ఫారంలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. కొందరి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. అలాంటివారు వయసు చూపే ఇంకో కాగితం వెంట పెట్టుకుంటే మంచిది.

మనిషి రావాలా, పిల్లలు వెళ్లి తేవచ్చా అని చాలామంది అడుగుతారు. మొదటిసారి మనిషే వెళ్లడం మంచిది. ఫోటోకూ మనిషికీ పోలిక చూస్తారు, సంతకమో వేలిముద్రో అడుగుతారు.

పాస్ చేతికి ఇచ్చాక కౌంటర్ దగ్గర్నుంచి కదలకుండా అక్కడే చదవండి. పేరు, వయసు, ఏ బస్సులకు వర్తిస్తుంది, ఎప్పటివరకు. తప్పుంటే అక్కడికక్కడే సరిచేయించడం సులువు. ఇంటికొచ్చాక చూసుకుంటే మళ్లీ ఆటో ఖర్చు, మళ్లీ క్యూ.

బస్సులో

పాస్, దాంతోపాటు గుర్తింపు కార్డు రెండూ ఉండాలి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే ఒప్పుకోకపోతే కండక్టర్‌తో వాదించి లాభం లేదు. కార్డులు నలగకుండా మెడలో వేసుకునే కవర్ ఒకటి కొంటే, నిలబడి పట్టుకోవడమే కష్టమైన మనిషి జేబులు వెతుక్కోవాల్సిన అవస్థ ఉండదు.

ఆర్డినరీ పాస్‌తో మెట్రో ఎక్స్‌ప్రెస్ ఎక్కేయడం సర్వసాధారణంగా జరిగే పొరపాటు. రెండూ ఒకే స్టాప్‌లో ఆగుతాయి, రద్దీలో ఏది ముందొస్తే అది ఎక్కేస్తాం. పాస్ మీద రాసి ఉన్న సర్వీసు ఏదో చూసుకోండి.

సీట్ల సంగతి. వృద్ధులకు, దివ్యాంగులకు కేటాయించిన సీట్లకు బస్సులో బోర్డు ఉంటుంది. అక్కడ కూర్చున్న కుర్రాడిని లేవమనడానికి మొహమాటపడకండి, కండక్టర్‌కు చెప్పండి. బస్సు ఆపకుండా పోయినా, పాస్ ఉండీ టికెట్ కొట్టినా, బస్సు నంబర్, రూట్, సమయం రాసుకుని పైన చెప్పిన కాల్ సెంటర్‌కే చెప్పవచ్చు. ఆ మూడూ లేకుండా చేసే ఫిర్యాదుకు విలువ ఉండదు.

రైలు రాయితీ

ఎలాగూ సర్టిఫికెట్ చేతికొచ్చింది కాబట్టి ఇదీ చూసుకోండి. రైల్వేలో వృద్ధులకిచ్చే రాయితీని 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. అంతకుముందు అరవై దాటిన మగవారికి 40 శాతం, 58 దాటిన ఆడవారికి 50 శాతం ఉండేది. దివ్యాంగుల రాయితీ మాత్రం కొనసాగుతోంది. చూపు పూర్తిగా లేనివారికి, తోడు లేకుండా ప్రయాణం చేయలేని శారీరక వైకల్యం లేదా బుద్ధిమాంద్యం ఉన్నవారికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో 50 శాతం తగ్గుతుంది. వెంట వెళ్లే ఒకరికీ అంతే. నెలవారీ సీజన్ టికెట్ మీద కూడా 50 శాతం ఉంది కాబట్టి లింగంపల్లి, సికింద్రాబాద్ మధ్య ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో రోజూ తిరిగేవారికి ఉపయోగం. రైల్వే వాళ్లు ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు విడిగా తీసుకోవాలి. దానికి రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టర్ సంతకం చేసిన సర్టిఫికెట్ కూడా కావాలి. వినికిడి ఒక్కటే పోయినవారికి రైలు రాయితీ రాదు. చెవి సమస్య ఉన్నవారిలో మాట, వినికిడి రెండూ పూర్తిగా లేనివారికే ఇస్తారు.

గడువు, పోగొట్టుకోవడం

పాస్ గడువు, సర్టిఫికెట్ గడువు రెండూ వేర్వేరు తేదీలు. రెండింటినీ ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా రిమైండర్‌గా పెట్టండి, సర్టిఫికెట్‌కు మాత్రం నాలుగైదు నెలల ముందే. అది తీరాక మళ్లీ పరీక్షకు డేట్ వచ్చేసరికి బస్ పాస్, పింఛను రెండూ ఆగిపోతాయి.

పాస్ పోతే ముందు ఎక్కిన బస్సు ఏ డిపోదో కనుక్కుని అక్కడ అడగండి. కండక్టర్లు దొరికిన కార్డులు డిపోలో ఇస్తారు. దొరక్కపోతే, పాస్ తీసుకున్న కౌంటర్‌కే ఆధార్, సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాలి. పాస్ నంబర్ ఉంటే పని తొందరగా అవుతుంది. అందుకే పాస్ చేతికొచ్చిన రోజే రెండు వైపులా ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. యూడీఐడీ కార్డు పోతే టెన్షన్ అక్కర్లేదు, పోర్టల్ నుంచి మళ్లీ డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు.

చెప్పేవారు ఎవరూ లేని ఒంటరి పెద్దలకు ఎల్డర్‌లైన్ 14567 ఉంది. టోల్‌ఫ్రీ, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది.